బస్తర్ అడవి బిడ్డ గుండాధుర్

మనలో చాలామందిమి బస్తర్‌ను మొదటిసారి రైలు కిటికీలోంచే చూశాం. విశాఖపట్నంలో ఎక్కి, అరకు సొరంగాలు లెక్కపెట్టుకుంటూ, కోరాపుట్, జగదల్‌పూర్ దాటి దంతెవాడ, బచేలి, కిరందుల్ వైపు వచ్చాం. నాన్నకో అమ్మకో బదిలీ అయిందనీ, మళ్ళీ కొత్త ఊరు, కొత్త బడి అనీ తప్ప అప్పుడు మనకింకేమీ తెలియదు. కిటికీ బయట మాత్రం గంటల తరబడి అడవే.

బదిలీల మీద ఊళ్ళు తిరిగే పిల్లలకు ఇంకో అనుభవం కూడా ఉంటుంది. ఏ ఊళ్ళో చదివినా జులైలో వనమహోత్సవం వస్తుంది. 1950లో అప్పటి కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టిన పండుగ అది. గుంత తవ్వుతాం, మొక్క పెడతాం, నీళ్ళు పోస్తాం, పక్కన నిలబడి ఫోటో దిగుతాం. తరవాత వేసవి సెలవులొస్తాయి. మళ్ళీ జులైలో చూస్తే అదే గుంతలో ఇంకో కొత్త మొక్క పెడుతుంటారు. మొదటి మొక్క నాటిన పిల్లవాడికి అప్పటికే ఇంకో రాష్ట్రానికి బదిలీ అయిపోయి ఉంటుంది.

ఈ ఏడాది తెలుగు విభాగానికి ఏం రాద్దామని కూర్చున్నప్పుడు మేము ఈ గుంత సంగతే మాట్లాడుకున్నాం. చెట్లు పెట్టడానికి డబ్బిచ్చేవాళ్ళున్నారు, మొక్కలిచ్చేవాళ్ళున్నారు, నాటడానికి మనమున్నాం. అయినా మొక్క ఎందుకు నిలవదు? అడవి మాత్రం ఎవరూ నాటకుండానే ఇన్ని వందల ఏళ్ళు ఎలా నిలిచింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెళితే మాకు దొరికిన పేరు గుండాధుర్. తొమ్మిదో తరగతి చరిత్ర పాఠంలో ఆయన ఊసు ఒకటి రెండు వాక్యాల్లోనే వచ్చి వెళ్ళిపోతుంది. బస్తర్‌లో మాత్రం ఆయన పేరు తెలియని ఇల్లు లేదు. జగదల్‌పూర్‌లోని వ్యవసాయ కళాశాలకు, కొండగావ్‌లోని ప్రభుత్వ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం క్రీడల్లో రాణించినవారికి ఇచ్చే సమ్మాన్ కూడా ఆయన పేరు మీదే ఉంది.

నేతానార్ ఊరు

జగదల్‌పూర్‌కు దక్షిణంగా కాంగేర్ లోయ ఉంది. మనం తీరథ్‌గఢ్ జలపాతం, కుటుమ్సర్ గుహ చూడటానికి వెళ్ళే చోటే అది. ఆ అడవి ప్రాంతంలోనే నేతానార్ అనే ఊరుంది. గుండాధుర్ ఆ ఊరివాడు, ధుర్వా తెగకు చెందినవాడు. ధుర్వాల భాషను భాషాశాస్త్రజ్ఞులు పర్జీ అని కూడా అంటారు. అది ద్రావిడ భాష. అంటే వరసకు మన తెలుగుకు దూరపు చుట్టం. ఇన్నాళ్ళూ సంతలో పక్కనే వినపడుతున్నా మనకు ఆ చుట్టరికం తెలియలేదు.

ఆయన పుట్టి పెరిగిన కాలంలో మన దంతెవాడ కూడా బస్తర్ సంస్థానంలో భాగమే. జగదల్‌పూర్‌లో రాజు ఉండేవాడు. ఆ రాజవంశం ఓరుగల్లు కాకతీయుల నుంచి వచ్చిందని సంప్రదాయం. ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటువైపు వచ్చి రాజ్యం స్థాపించాడనీ, శంఖినీ డంకినీ నదులు కలిసేచోట వెలసిన దంతేశ్వరీ అమ్మవారే ఆ వంశానికి కులదేవత అనీ దంతెవాడలో అందరూ చెబుతారు. పేరుకు రాజ్యం రాజుది. పైన పెత్తనం బ్రిటిష్ వారిది.

ధుర్వాలు, మారియా మురియా గోండులు, భత్రాలు, హల్బాలు ఇక్కడ పక్కపక్క ఊళ్ళలో బతికేవారు. భాషలు వేరైనా నమ్మకాలు చాలావరకు ఒకటే. తమ ఊరి నేలను భూమాతే తమకిచ్చిందని వాళ్ళ నమ్మకం. అందుకు బదులుగా ప్రతి పంట పండుగకూ ఆమెకు నైవేద్యం పెట్టాలి, ఆమెను చూసుకోవాలి. నదికీ కొండకీ అడవికీ కూడా దేవతలున్నారు. ఏ ఊరి పొలిమేర ఎక్కడిదాకా అన్నది ఆ ఊరివాళ్ళకు తెలుసు. పొలిమేర లోపలి అడవిని, నీటిని, నేలను చూసుకునే పూచీ ఆ ఊరిదే.

మాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఇంకో ఏర్పాటు. ఒక ఊరివాళ్ళు పక్క ఊరి అడవిలోంచి కొంచెం కలప తెచ్చుకోవాలంటే ఊరికే తెచ్చుకోకూడదు. చిన్న మొత్తం చెల్లించాలి. దాన్ని దేవ్‌సారి అనీ, దండ్ అనీ, మాన్ అనీ అంటారు. కొన్ని ఊళ్ళలో అడవికి కాపలాదారును పెట్టుకుంటారు. అతనికి జీతం సర్కారు ఇవ్వదు. ప్రతి ఇల్లూ కొంత ధాన్యం తీసి ఇస్తుంది. ఏడాదికోసారి పెద్ద వేట జరుగుతుంది. ఆ వేటకు పరగణాలోని ఊరిపెద్దలంతా కలుస్తారు. అప్పుడు తమ ఊళ్ళ సంగతులతో పాటు అడవి సంగతీ మాట్లాడుకుంటారు.

ఈ రోజుల్లో అడవి కోసం విరాళం అంటే మనకు పెద్ద చెక్కు, బ్యానరు, పూలదండ గుర్తొస్తాయి. బస్తర్‌లో మాత్రం అడవికి విరాళం అంటే ప్రతి ఇంటి నుంచి ఇన్ని గింజలు. ఇచ్చేది కొంచెమే. కానీ మానకుండా ఇస్తారు, అందరూ ఇస్తారు, కాపలా కోసం ఇస్తారు. గుండాధుర్ పెరిగింది అలాంటి ఏర్పాటు ఉన్న సమాజంలో.

రైలు పట్టాలు, అడవి గీతలు

ఇప్పుడు బస్తర్ వదిలి కాస్త దూరం వెళదాం. బ్రిటిష్ వారు మన దేశంలో రైళ్ళు వేస్తున్న రోజులవి. పట్టాల కింద చెక్క స్లీపర్లు వేయాలి. ఒక మైలు పట్టాకు 1,760 నుంచి 2,000 స్లీపర్లు పట్టేవి. 1850ల నాటికి ఒక్క మద్రాసు ప్రెసిడెన్సీలోనే స్లీపర్ల కోసం ఏటా 35,000 చెట్లు నరికారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. అడవులు ఇలాగే తరిగిపోతే కలప దొరకదని ప్రభుత్వానికి భయం పట్టుకుంది. 1864లో అటవీ శాఖ ఏర్పడింది. 1878 చట్టం అడవులను రిజర్వు, రక్షిత, గ్రామ అడవులని మూడు రకాలుగా విభజించింది. మంచి అడవులన్నీ రిజర్వు అయ్యాయి. అందులోంచి ఇల్లు కట్టుకోవడానికి కలప తెచ్చుకున్నా ఆ ఊరివాడు దొంగే.

ఈ గీతలు 1905లో బస్తర్‌కు వచ్చాయి. అక్కడి అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేయాలనీ, పోడు వ్యవసాయం, వేట, అటవీ ఫలసాయం సేకరించడం ఆపేయాలనీ ప్రభుత్వం ప్రతిపాదించింది. కొన్ని ఊళ్ళను రిజర్వు అడవిలో ఉండనిచ్చారు. వాటికి అటవీ గ్రామాలని పేరు. అయితే ఒక షరతు ఉంది. అటవీ శాఖ కోసం చెట్లు కొట్టడం, మోయడం, మంటలు అంటుకోకుండా చూడటం, ఇవన్నీ ఆ ఊరివాళ్ళు కూలి లేకుండా చేయాలి. మిగిలిన ఊళ్ళవాళ్ళను ముందస్తు మాట లేకుండా, పరిహారం ఇవ్వకుండా లేపేశారు.

ఒక్కసారి పోల్చి చూడండి. నిన్నటిదాకా ఆ ఊరు తన ఇష్టంతో ధాన్యం పోగుచేసి తన అడవిని కాపాడుకుంది. ఇవాళ అదే మనిషి అదే అడవికి కాపలా కాస్తున్నాడు, కానీ వెట్టికి. అడవి తనది కాదన్నారు. పని మాత్రం తనదే అన్నారు.

దీనికి తోడు భూమి శిస్తులు పెరిగాయి. అధికారులు ఊళ్ళ మీదకు వచ్చినప్పుడల్లా వెట్టి చాకిరీ, ఊరికే సరుకులు అడగటం మామూలైపోయింది. 1899–1900లో కరువు వచ్చింది. 1907–08లో మళ్ళీ వచ్చింది. కరువులో గిరిజనుడిని బతికించేది అడవే. దుంపలు, ఆకులు, ఇప్పపూవు, తునికి పండ్లు, వేట. సరిగ్గా ఆ అడవికే కంచె పడింది.

మామిడి కొమ్మ, మట్టి ముద్ద, మిరపకాయలు

ఊరిపెద్దలు సంతల్లో, పండుగల్లో, ఎక్కడ నలుగురు కలిస్తే అక్కడ ఈ సంగతే మాట్లాడుకోసాగారు. మొదట కదిలింది కాంగేర్ అడవిలోని ధుర్వాలు. ఎందుకంటే రిజర్వు మొదట పెట్టింది అక్కడే. ఒకే నాయకుడి మాట మీద నడిచిన ఉద్యమం కాదది. అయినా జనం నోట ఎక్కువగా వినపడింది నేతానార్ గుండాధుర్ పేరే. రాజకుటుంబంలోనే ఉన్న లాల్ కాలేంద్ర సింగ్, రాణి సుబరన్ కువర్ కూడా తిరుగుబాటు పక్షాన నిలిచారు. దివాన్ పండా బైజ్‌నాథ్ పాలన మీద జనానికి కోపం బాగా పేరుకుపోయి ఉంది.

అప్పుడు ఫోన్లు లేవు. ఊరికీ ఊరికీ మధ్య రోజుల నడక. భాషలు వేరు. చదువు వచ్చినవాళ్ళు అరుదు. ఇంతమందిని ఒక్క మాట మీదకు తేవడం ఎలా? 1910లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మామిడి కొమ్మలు, మట్టి ముద్ద, మిరపకాయలు, బాణాలు వెళ్ళడం మొదలైంది. ఇది చేరిన ఊరు సంగతి అర్థం చేసుకుని, పక్క ఊరికి పంపేది. ఈ కబురును బస్తర్‌లో డారా మిరి అంటారు. డారా అంటే కొమ్మ, మిరి అంటే మిరప. అక్షరం ముక్క లేకుండా అందరికీ అర్థమయ్యే ఉత్తరం అది. తిరుగుబాటు ఖర్చులకు ప్రతి ఊరూ తన వంతు ఏదో ఒకటి ఇచ్చింది. కాపలాదారుకు ధాన్యం ఇచ్చిన అలవాటే ఇక్కడా పనికొచ్చిందని మాకనిపించింది. ఇంటింటి నుంచి కొంచెం కొంచెం తీసి ఉమ్మడి పని చేయడం వాళ్ళకు కొత్త కాదు.

1910 ఫిబ్రవరి 2న పుస్పాల్ సంత మీద దాడితో తిరుగుబాటు బయటపడింది. దానికి భూమ్‌కాల్ అని పేరు. భూమి కంపించడం అని అర్థం చెబుతారు. సంతలను, అధికారుల, వర్తకుల ఇళ్ళను, పోలీసు స్టేషన్లను, బడులను దోచుకున్నారు, తగలబెట్టారు. దొరికిన ధాన్యాన్ని జనానికి పంచారు. దాడికి గురైనవారిలో ఎక్కువమందికి ఏదో ఒక రకంగా ఆ ప్రభుత్వంతో సంబంధం ఉంది.

బడులు కూడా తగలబడ్డాయని చదివినప్పుడు మేము కాసేపు ఆగిపోయాం. బడిలో కూర్చుని బడి తగలబడిన కథ చదవడం కష్టంగానే ఉంటుంది. ఆ పనిని మేము మెచ్చుకోలేం. కానీ ఎందుకు జరిగిందో అర్థం చేసుకోవాలి. వాళ్ళ కంటికి ఠాణా, బడి, అటవీ అధికారి ఇల్లు అన్నీ ఒకే చేతి వేళ్ళు. ఏ చెయ్యి అడవి లాక్కుందో ఆ చెయ్యే బడి కట్టింది. పరాయి బడిగా వచ్చిన బడి పరాయిదిగానే ఉండిపోయింది. చుట్టూ ఉన్న అడవి గురించి ఒక్క ముక్క చెప్పని బడి ఆ అడవికి చుట్టం ఎలా అవుతుంది? ఈ ప్రశ్న మన బడికి కూడా వర్తిస్తుంది.

పట్టుబడని మనిషి

తిరుగుబాటును అణచడానికి ప్రభుత్వం సైన్యాన్ని పంపింది. గిరిజన నాయకులు మాట్లాడుకుందామని చూశారు. సైన్యం వాళ్ళ విడిదులను చుట్టుముట్టి కాల్పులు జరిపింది. తరవాత ఊరూరా తిరిగి పాల్గొన్నవాళ్ళను కొరడాలతో కొట్టారు, శిక్షలు వేశారు. ఊళ్ళు ఖాళీ అయ్యాయి. జనం అడవుల్లోకి పారిపోయారు. ఫిబ్రవరి నుంచి మే దాకా, మూడు నెలలు పట్టింది ప్రభుత్వానికి బస్తర్ మళ్ళీ చేతికి రావడానికి.

జగదల్‌పూర్ గోల్‌బజార్‌లో ఒక చింతచెట్టు ఉంది. గుండాధుర్ సహచరుడు డేబ్రీధుర్‌ను ఆ చెట్టుకే ఉరి తీశారని బస్తర్ జనం చెప్పుకుంటారు. సంతకు వెళ్ళినప్పుడు మనం దాని నీడలోంచే నడిచి వెళ్ళి ఉంటాం.

గుండాధుర్ మాత్రం దొరకలేదు. ఎంత వెతికినా బ్రిటిష్ వారి చేతికి చిక్కలేదు. ఆయన మీదకు వచ్చిన తుపాకి గుళ్ళు నీళ్ళయిపోయేవని జనం నమ్మారు. ఆయన ఏ చెట్టు వెనక్కి వెళ్ళాడో, ఏ కొండ దాటాడో అడవి బయటపెట్టలేదు. తనకోసం నిలబడిన మనిషిని అడవి దాచుకుందని ఇక్కడివాళ్ళు అంటారు. అందుకే ఆయన కథకు చివర లేదు. ప్రతి ఏటా ఫిబ్రవరి 10న భూమ్‌కాల్ దివస్ నాడు బస్తర్‌లో ఆ కథ మళ్ళీ మొదలవుతుంది.

మరి ఆయన ఓడిపోయాడా? చరిత్ర పుస్తకం చెప్పే జవాబు చిన్నదే, కానీ గట్టిది. రిజర్వు పనులు కొంతకాలం ఆగిపోయాయి. తరవాత రిజర్వు చేసిన విస్తీర్ణం 1910కి ముందు అనుకున్నదాంట్లో సుమారు సగమే. మిగిలిన సగం ఊళ్ళ దగ్గరే ఉండిపోయింది.

పైన్ చెట్ల కథ

గుండాధుర్ కథ ఇక్కడితో ఆపేయవచ్చు. కానీ ఆయన ఎందుకు సరైనవాడో అర్థం కావాలంటే ఇంకో అరవై ఏళ్ళు ముందుకు రావాలి. స్వాతంత్ర్యం వచ్చింది. అయినా జనాన్ని అడవికి దూరంగా ఉంచి, అడవిని పరిశ్రమల కోసం దాచే పద్ధతి మారలేదు. 1970లలో ప్రపంచ బ్యాంకు ఒక ప్రతిపాదన చేసింది. బస్తర్‌లో 4,600 హెక్టార్ల సహజమైన సాల్ అడవిని తీసేసి, కాగితం పరిశ్రమకు గుజ్జు కోసం ఉష్ణమండల పైన్ చెట్లు వేయాలన్నది ఆ పథకం. డబ్బు ఉంది. మొక్కలు ఉన్నాయి. నాటడం కూడా ఉంది. అంకెల్లో చూస్తే లక్షల మొక్కలు నాటినట్టే. స్థానిక పర్యావరణ కార్యకర్తలు వ్యతిరేకించాకే అది ఆగింది.

చెట్లు నాటుతామంటే ఎందుకు వద్దన్నారు? సాల్ చెట్టును తెలుగులో గుగ్గిలం చెట్టు అంటారు. ఇక్కడి హల్బీ భాషలో సర్గి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం అదే. దాని ఆకులతో విస్తళ్ళు కుడతారు. గింజల నుంచి నూనె తీస్తారు. బంక ధూపం అవుతుంది. ఆ అడవిలో దాని పక్కనే ఇప్ప, తునికి, చింత, సారపప్పు చెట్లు ఉంటాయి. ఒక్కో చెట్టు ఒక్కో నెలలో ఒక ఇంటిని పోషిస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూవు రాలుతుంది. ఎండాకాలంలో తునికాకు కోస్తారు. పైన్ తోటలో ఇవేవీ ఉండవు. కోసి మిల్లుకు పంపేదాకా అది ఒట్టి కలప డిపో.

ఇంకో సంగతి. సాల్ అడవిని డబ్బు పెట్టి తేలిగ్గా కొనుక్కోలేం. దాని గింజలు జూన్ ప్రాంతంలో, వానలు మొదలయ్యే వేళకు రాలతాయి. వారం పది రోజుల్లో తడి నేల దొరక్కపోతే మొలకెత్తే శక్తి పోతుంది. మొలిచిన పిల్ల మొక్క కూడా విచిత్రంగా పెరుగుతుంది. ఎండాకాలం వచ్చేసరికి పైకాండం ఎండి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. కింద వేరు మాత్రం బతికే ఉంటుంది. వానలకు మళ్ళీ చిగురిస్తుంది, మళ్ళీ ఎండుతుంది. ఇలా కొన్నేళ్ళు వేరు బలం పుంజుకున్నాక, ఒక ఏడు నిలబడి చెట్టుగా పైకి లేస్తుంది. తెలియనివాడు ఎండిన పుల్ల చూసి చచ్చిపోయిందని పీకేస్తాడు. తెలిసినవాడు ఆ చోట మంట పడకుండా, పశువు తొక్కకుండా చూసి ఊరుకుంటాడు. ఇప్పపూవు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఆకులకు పెట్టే నిప్పు ఒక్కటి అదుపు తప్పితే చాలు, ఆ ఏటి పిల్ల మొక్కలన్నీ మాడిపోతాయి.

ఇది తెలిశాక మాకు కాపలాదారు ధాన్యం అసలు విలువ అర్థమైంది. సాల్ అడవికి కావలసింది ఏటేటా నాటేవాడి కంటే ముందు, ఏటేటా చూసుకునేవాడు. ఆ చూసుకునేవాళ్ళను అడవి నుంచి లేపేస్తే ఎన్ని మొక్కలు నాటినా లాభం లేదు. గుండాధుర్ పోరాడింది చెట్ల కోసమా, మనుషుల కోసమా అని అడిగితే, ఆ రెంటినీ విడదీయకూడదనే పోరాడాడని చెప్పాలి.

మన వంతు కర్ర

ఆయన కాలంలో ఊరిమాట వినే చట్టం లేదు. ఇప్పుడుంది. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం తమ ఉమ్మడి అడవిని కాపాడుకునే, మళ్ళీ పెంచుకునే హక్కు గ్రామసభకు ఉందని ఒప్పుకుంది. కాబట్టి నిప్పు, బాణం అక్కర్లేదు. 1982లో జాతీయ పార్కుగా మారిన కాంగేర్ లోయలో ఇవాళ స్థానిక యువకులు మైనా మిత్రలుగా కొండమైనా గూళ్ళను కాపాడుతున్నారు. రాష్ట్ర పక్షి అయిన ఆ మైనాకు కాపలా కాసేవాళ్ళు ఆ అడవి పక్క ఊళ్ళవాళ్ళే.

వేరే దేశంలో కూడా ఇదే పాఠం నేర్చినవాళ్ళున్నారు. కెన్యాలో వంగారి మాథాయ్ 1977లో హరిత వలయ ఉద్యమం మొదలుపెట్టారు. పల్లె ఆడవాళ్ళు నారు పోసి మొక్కలు నాటేవారు. విరాళాల డబ్బులోంచి వాళ్ళకు ఇచ్చే చిన్న మొత్తం నాటిన ప్రతి మొక్కకూ కాదు, బతికిన ప్రతి మొక్కకు. అలా అక్కడ కోట్ల చెట్లు నిలిచాయి. ఆమెకు 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. బతికినదాన్నే లెక్కపెట్టమన్నది ఆ ఉద్యమం నియమం. మనం ఫోటోలు లెక్కపెడుతున్నాం.

ఇక మన గుంత సంగతికి వద్దాం. మనం బదిలీ పిల్లలం. మూడేళ్ళకో నాలుగేళ్ళకో వెళ్ళిపోతాం. మనం నాటిన మొక్క చెట్టయ్యేసరికి ఇక్కడ ఉండం. కాబట్టి చెట్లు పెంచడం మనవల్ల కాదని చేతులు దులుపుకోవచ్చు. కానీ బస్తర్ పక్కనే ఉన్న ఒడిశా పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. దానిపేరు ఠెంగాపాళీ. ఠెంగా అంటే కర్ర, పాళీ అంటే వంతు. రాత్రి ఒక ఇంటి గుమ్మం ముందు కర్ర పెట్టి ఉంటుంది. తెల్లారితే ఆ ఇంటివాళ్ళే ఊరి అడవికి కాపలా వెళ్ళాలి. సాయంత్రం తిరిగొచ్చి కర్రను పక్కింటి గుమ్మం ముందు పెడతారు. మనుషులు మారతారు. కర్ర మాత్రం ఆగదు. డబ్బు లేనివాడు కూడా ఒక రోజు ఇవ్వగలడు.

మనకు కావలసింది సరిగ్గా అదే. బదిలీ అంటేనే వంతు మారడం కదా. ఈ జులైలో మేము కొత్త మొక్కలు ఎన్ని నాటాలన్నది లెక్క వేయడం మానేశాం. ఇదివరకు నాటినవాటిలో బతికున్నవి ఎన్నో ముందు లెక్క వేస్తున్నాం. ఎండిపోయినట్టున్న మొక్కను పీకేముందు గోటితో బెరడు గీరి లోపల పచ్చదనం ఉందేమో చూస్తున్నాం. ఒక నోటు పుస్తకం పెట్టాం. ప్రతి మొక్క ఎదురుగా ఇప్పుడు చూసుకుంటున్నవాడి పేరు ఉంటుంది. వాడికి బదిలీ అయితే టీసీ తీసుకునేముందు ఆ చోట కింది తరగతి పిల్లవాడి పేరు రాయించి వెళ్ళాలి. వేసవి సెలవుల్లో సొంతూళ్ళకు వెళ్ళనివాళ్ళు వారానికి ఇంతమందని వంతులు వేసుకున్నారు. చుట్టుపక్కల పల్లెల నుంచి మనతో చదివే స్నేహితులు చెట్ల పేర్లు హల్బీలో, గోండీలో చెబుతుంటే మేము తెలుగు పేర్లు చేర్చి రాస్తున్నాం. సర్గి పక్కన గుగ్గిలం, మహువా పక్కన ఇప్ప, తేందూ పక్కన తునికి. అడవిని నేర్చుకోవడానికి మనకు ఇంతకంటే మంచి బడి దొరకదు.

మిత్రులారా, మీలో కొందరు ఈ పత్రిక చేతికొచ్చేసరికి పెట్టెలు సర్దుకుంటూ ఉంటారు. తిరుగు రైలెక్కి మళ్ళీ ఆ కిటికీ పక్కన కూర్చుంటారు. ఈసారి జగదల్‌పూర్ దాటేటప్పుడు దక్షిణం వైపు ఒక్కసారి చూడండి. ఆ పచ్చదనాన్ని ఎవరూ గుంత తవ్వి నాటలేదు. ఇంటికిన్ని గింజలు తీసిపెట్టిన ఊళ్ళు దాన్ని కాపాడాయి. అది తమ చేయి జారిపోతున్న రోజున నేతానార్ నుంచి ఒక మనిషి లేచి నిలబడ్డాడు. వెళ్ళేముందు మీ మొక్క ఎదురుగా ఇంకొకరి పేరు రాయించడం మాత్రం మరిచిపోకండి.